క్రియకు కర్మ ఉంటే చాలా?

ఇంగ్లీషు వ్యాకరణంలోని సకర్మక, అకర్మక క్రియల తేడాని విమర్శకి పనిముట్టుగా మలిచినవాడు హాలిడే. గోల్డింగ్ 'ది ఇన్‌హెరిటర్స్'లోని నియాండర్తల్ మనుషుల వాక్యాల్లో అకర్మక క్రియలే ఎక్కువనీ, వాళ్లు కదులుతారు తప్ప దేన్నీ మార్చలేరనీ 1971లో చూపించాడు. 1982లో డీర్డ్రీ బర్టన్ అదే పద్ధతిలో సిల్వియా ప్లాత్ 'ది బెల్ జార్'లోని కరెంటు షాక్ ఘట్టాన్ని చదివింది. చేసేవాళ్లు డాక్టరూ నర్సూ. ఎస్తర్ మీద అన్నీ జరుగుతాయి. నా పరిశోధనకి ఈ వ్యాసం ఎంతో ఉపయోగపడింది. కానీ దాన్నించి మనం తీసిన సూత్రం, కర్మ ఉంటే అధికారం, లేకుంటే నిస్సహాయత అన్నది, నాకు మింగుడుపడదు.

1847 నాటి 'జేన్ ఐర్' చూడండి. చివరి అధ్యాయం మొదటి వాక్యంలో పెళ్లాడిన కర్త జేన్, కర్మ రోచెస్టర్. 'పెళ్లయింది', 'పెళ్లి చేశారు' వింటూ పెరిగిన మనకి ఆ 'నేను' ముద్దొస్తుంది. అయితే అదే నవల్లో బెర్తా సంగతేమిటి? మంచానికి నిప్పు పెడుతుంది, తోబుట్టువుని కొరుకుతుంది, పెళ్లి మేలిముసుగు చింపుతుంది, ఇల్లు తగలబెడుతుంది. ఇన్ని సకర్మక క్రియలున్నా ఆమెకి దక్కింది తాళం వేసిన గది. ఆ పనులన్నీ జేన్, మేసన్, సత్రం యజమాని చెబితేనే మనకి తెలుస్తాయి.

ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు 'బర్న్' రెండు రకాలుగానూ నడుస్తుంది: ఇల్లు కాలినా, ఎవరో కాల్చినా ఒకటే మాట. తెలుగులో 'కాలింది', 'కాల్చారు' వేరువేరు. అయినా ఒకప్పుడు ఎందరో కోడళ్ల చావులు 'స్టవ్ పేలి' జరిగినట్టే నమోదయ్యాయి. 1986లో శిక్షాస్మృతిలో చేరిన 304-బి సెక్షన్ ఈ వాక్యాన్ని తిరగరాసింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ కాలిన గాయాలతో చనిపోయి, చావుకి కాస్త ముందు కట్నం కోసం వేధించారని తేలితే, ఆ భర్తా బంధువులే చావుకి కారకులని చట్టం భావిస్తుంది. కర్త లేని చోట కర్తని పెట్టింది. (2024 జూలై నుంచి ఇది భారతీయ న్యాయసంహితలో 80వ సెక్షన్.)

బెర్తా చివరి క్రియ దూకడం. అకర్మకమే. దాన్నీ సత్రం యజమానే చెబుతాడు. 1966లో జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ'లో ఆమెకి 'నేను' దొరికింది. ఆ నవల దూకే దాకా వెళ్లదు. చేతిలో కొవ్వొత్తితో ఆమె నడుస్తుండగానే ఆగుతుంది.