పాండుర వర్ణపు గుర్రము, ఆసుపత్రి మంచము: పోర్టర్ కథపై ఒక విమర్శ

తెగుళ్ల కాలములో 'మరణము ఎదుట అందరూ సమానులే' అనే మాట ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడుతుంది. ప్రకటన గ్రంథము 6వ అధ్యాయములోని పాండుర వర్ణముగల గుర్రమును వివరించేటప్పుడు మేము కూడా ఆ మాటనే చెప్పాము. అమెరికా రచయిత్రి కేథరీన్ ఆన్ పోర్టర్ వ్రాసిన 'పేల్ హార్స్, పేల్ రైడర్' అనే పెద్దకథ ఆ గుర్రము పేరునే పెట్టుకొంది. అది గ్రంథరూపములో 1939లో వెలువడింది. దానిని మరల చదివినప్పుడు మా పాత వివరణ నిలువలేదు.

కథ చిన్నదే. మిరాండా 1918లో ఒక పత్రికలో విలేఖరి. ఆడమ్ యుద్ధమునకు వెళ్లబోతున్న సైనికుడు. ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా సోకుతుంది. సేవచేసిన ఆడమ్ అదే వ్యాధితో మరణిస్తాడు, ఆమె బ్రతుకుతుంది. పోర్టర్ తానే 1918లో డెన్వర్ పత్రికలో పనిచేస్తూ ఈ జ్వరముతో చావుదాకా వెళ్లివచ్చినది. జ్వరములో మనస్సు తేలిపోయే తీరును ఆమె చూపినంత సూటిగా చూపినవారు అరుదు. ఇందులో మాకు సందేహము లేదు.

అయితే కథలో రెండు చోట్ల మేము ఆగవలసి వచ్చింది. మొదటిది మంచము. నగరములో అంబులెన్సులు లేవు, మంచములు లేవు, వైద్యులు దొరకరు. అయినా మిరాండాకు చోటు దొరుకుతుంది, ఎందుకంటే ఆమె పత్రికలోని పై అధికారి పట్టుబడతాడు. రెండవది పాట. ఆడమ్, మిరాండా కలిసి గుర్తుచేసుకొనే ఆ గుర్రపురౌతు పాట నల్లజాతివారి ఆత్మీయ గీతము. ఒకరు దానిని చమురు బావుల దగ్గర విన్నారు, మరొకరు ప్రత్తి చేనులో విన్నారు. కథకు పేరు ఇచ్చినది ఆ పాటే. కాని ఆ పాట పాడినవారిలో ఎవరికైనా జ్వరము వచ్చినదా, వస్తే ఎక్కడ పడుకొన్నారు అనే ప్రశ్న కథలో ఎక్కడా లేదు.

నాటి అమెరికాలో అనేక ఆసుపత్రులు నల్లజాతి రోగులను చేర్చుకొనేవి కావు, లేదా వేరు వార్డులలో ఉంచేవి. అందుకే వారు చికాగోలో ప్రావిడెంట్, ఫిలడెల్ఫియాలో ఫ్రెడరిక్ డగ్లస్ వంటి స్వంత ఆసుపత్రులను నడుపుకొన్నారు. నర్సుల కొరత తీవ్రముగా ఉన్నప్పటికీ, శిక్షణ పొందిన నల్లజాతి నర్సులను సైన్యపు నర్సుల దళము చేర్చుకొన్నది 1918 డిసెంబరులోనే, అదీ 18 మందిని. అప్పటికి యుద్ధము ముగిసిపోయింది! నాటి నివేదికలలో నల్లవారిలో రోగుల సంఖ్య తక్కువగా కనబడుతుందని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. కాని వైద్యుడు చూడని రోగి లెక్కలోనికి ఎలా వస్తాడు?

రచయిత్రి అన్నీ వ్రాయాలా అని అడుగవచ్చు. అవసరము లేదు. పోర్టర్ తాను చూసినది వ్రాసింది. ఒక్క మంచము ఎలా సంపాదించబడిందో దాచకుండా చెప్పింది కూడా. ఆ వాక్యములను దాటిపోయి, కథను అందరి మరణమునకు ఉపమానముగా చేసినది చదువరులమైన మనమే.

ఈ దేశపు లెక్కలు ఇంకా స్పష్టముగా ఉన్నాయి. 1918లో బొంబాయి నగరములో ఈ వ్యాధికి వెయ్యిమంది యూరోపియనులలో 8 మందికి పైగా చనిపోగా, 'తక్కువ కులముల' హిందువులని నాటి అధికారులు వ్రాసినవారిలో వెయ్యికి 61 మందికి పైగా చనిపోయారు. ఒకే నగరము, ఒకే వ్యాధి. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 సమయములో అమెరికాలోని 12 రాష్ట్రముల వివరములు చూస్తే, ఆదివాసులలో మరణాల రేటు ఇతరులందరి రేటుకు నాలుగు రెట్లు. మధుమేహము, ఉబ్బసము, పేదరికము, వైద్యము ఆలస్యముగా అందడము కారణములు కావచ్చునని అప్పటి నివేదిక చెప్పింది. ఇవేవీ క్రిమి తెచ్చినవి కావు. అది రాకముందే ఆ ఇళ్లలో ఉన్నవి.

ఇక్కడ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము మాకు గుర్తుకు వస్తుంది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రు చిన్నచూపు చూడబడ్డారు. సణుగును అపొస్తలులు పాపమని గద్దించలేదు, దేవుని యెదుట అందరూ సమానులే గదా అని సర్దిచెప్పనూ లేదు. పంపకమును సరిచేయుటకు ఏడుగురిని ఏర్పరచారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే, బల్ల దగ్గర ఎవరి విధవరాండ్రకు అందలేదో వారి వైపువారి చేతికే పంపకము అప్పగించబడినట్లు కనబడుతుంది. వ్యాఖ్యానములు దీనిని పరిచారకుల నియామకముగా చెప్పి ముందుకు సాగుతాయి, మేమూ అలాగే బోధించాము. ఇకమీదట ప్రకటన 6ను తరగతిలో తీసుకొన్నప్పుడు, ఈ అధ్యాయమును దాని ప్రక్కనే ఉంచి చదివించాలని అనుకొంటున్నాము.