దీవిలో పెద్దరికం

సాహిత్యంలో దీవికి ఒక ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. సంఘాన్ని మొదటినుండి నిర్మించి చూపదలచిన రచయిత దానిని సముద్రం నడుమ నిలుపుతాడు. నాలుగు దిక్కులా నీరుండుటచేత పాత శాసనాలు అక్కడికి చేరవు. ఎవరు ఆజ్ఞాపించవలెను, ఎవరు వినవలెను అన్న ప్రశ్న తేటగా బయటపడుతుంది. ఇట్టి కల్పిత ద్వీపాలలో పాలన ఏ రూపం ధరించినదో పరిశీలిస్తే ఒక విచిత్రమైన లోపం కనిపిస్తుంది. అక్కడ అధికారం ఉన్నది, కుటుంబం లేదు.

షేక్స్పియరు 1611 ప్రాంతంలో రచించిన 'టెంపెస్టు' నాటకంలో కాలిబాన్ ఆ దీవి తనదని వాదిస్తాడు. అతని వాదానికి ఆధారం తల్లి. ఆమె నుండి తనకు సంక్రమించిన నేలను ప్రోస్పెరో అపహరించినాడని అతని ఆరోపణ. కాని ఆ తల్లి నాటకారంభానికి ముందే మరణించినది. చుట్టములు లేరు, ఇరుగుపొరుగు లేరు. హక్కు మిగిలినది గాని, ఆ హక్కుకు సాక్ష్యం పలికే ఇల్లు మిగలలేదు. 1719లో వెలువడిన డీఫో నవలలో రాబిన్సన్ క్రూసో తన దీవికి ముగ్గురు మనుష్యులు చేరగానే తాను రాజుననీ, వారు ప్రజలనీ భావించుకొంటాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు తండ్రీకొడుకులు. తండ్రిని గుర్తించినప్పుడు ఫ్రైడే పొందిన ఆనందాన్ని డీఫో మనసు కరిగేటట్లు వర్ణించినాడు. అయినను ఆ బంధం క్రూసో రాజ్యభావనను ఏమాత్రం కదిలించదు.

1954లో గోల్డింగు ప్రకటించిన 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' నవలలో ఈ లోపం పరాకాష్ఠకు చేరినది. విమానం కూలి దీవిపై చిక్కుకొన్న ఇంగ్లీషు బాలురు మొదట శంఖం చేతబట్టి సభ తీర్చి రాల్ఫును నాయకునిగా ఎన్నుకొంటారు. తరువాత జాక్ ముఖానికి రంగులు పూసుకొని వేరు గుంపు కట్టి, దానికి 'తెగ' అని పేరు పెట్టి, తాను దొరయై కూర్చుంటాడు. మనిషిలోని క్రౌర్యాన్ని చూపుటే రచయిత ఉద్దేశమనీ, చివర బాలురను రక్షించవచ్చిన నౌకాధికారి కూడ యుద్ధంలో ఉన్నవాడే అనీ మరువరాదు. ఆ వ్యంగ్యం బలమైనది. కాని సభ నాగరికతకూ, తెగ అనాగరికతకూ గుర్తులుగా నిలుచుట పరీక్షకు నిలవదు. ఆ దీవిలో తల్లి లేదు, మేనమామ లేడు, కోడలు లేదు, ముసలి అవ్వ లేదు. ఇవి లేనిచోట పుట్టినది దౌర్జన్యం కావచ్చును. తెగ మాత్రం కాదు.

తెలుగు పాఠకుడు దీనిని సరిచూచుకొనుటకు దూరం పోనక్కరలేదు. బంగాళాఖాతానికీ పులికాటు సరస్సుకూ నడుమనున్న శ్రీహరికోట దీవి యానాదుల నివాసం. వంటచెరకు కొరకు మద్రాసు ప్రభుత్వం 1835లో ఆ దీవిని స్వాధీనం చేసుకొన్న తరువాత వారిని గూర్చిన వర్ణనలు కాగితాలకెక్కినవి. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలలో యానాది గూడేనికి పెద్ద ఉంటాడనీ, అతనిని కులంపెద్ద లేదా పెద్ద యానాది అంటారనీ, తప్పు చేసినవానిని వెలివేయగలడనీ ఉన్నది. అక్కడనే, యానాదులకు తామే పూజారులనీ, చెంచుదేవుడు వారి ఇలవేల్పనీ కూడ ఉన్నది. ఈ రెండు విషయాలనూ కలిపి చదువవలెను. ఇంటిలో దేవునికి మ్రొక్కేవాడు ఇంటివాడే. గూడెంలో తగవు తీర్చేవాడు చుట్టమే. ఇదే తీరాన దక్షిణంగా, పుదుచ్చేరి ప్రాంతపు జాలరి పల్లెలలో నాట్టార్లు అనే పెద్దలు సభ కూడి ఊరి వ్యవహారం నడుపుతారు. యానాది గూడెంలో అంతటి ఏర్పాటు లేదు. వేటాడి, ఏరుకొని బ్రతికేవారికి పెద్ద మాట నచ్చకపోతే మూటముల్లె కట్టుకొని మరొక చుట్టం గూడేనికి పోయే వీలుంటుంది. కావున పెద్ద గద్దించి నిలువలేడు, ఒప్పించి నిలువవలెను.

పైనుండి పాలించేవారికి ఈ పెద్దరికం చాలలేదు. తేనె, అడవి సరుకు తెచ్చి ధాన్యం పుచ్చుకొనే పనివారుగా వారిని చూచినారు. తరువాత నేరస్థ జాతుల చట్టం క్రిందికి తెచ్చినారు. ఒక మనిషి తప్పుకు కులమంతా జవాబు చెప్పవలెనన్న ఆ చట్టం 1952లో రద్దయినది. వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదులపై గ్రంథం ప్రకటించినారు. ఆ జాతి సేవలో బ్రతుకు గడిపిన వ్యక్తి వ్రాయుటచేత, అధికారి దృష్టికి అందని ఇంటి సంగతులకు అది త్రోవ చూపినది.

కల్పనాసాహిత్యంలో ఇట్టి చూపు గోపీనాథ మహంతి 'అమృతర సంతాన'లో దొరుకుతుంది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ ఒడియా నవలలో దీవి లేదు. కోరాపుట్టు కొండలలో అడవి చుట్టిన కంధుల పల్లె ఉన్నది. గ్రామపెద్ద సరబు సావొంతా మరణంతో కథ ఆరంభమై, పెద్దరికం కుమారుడు దిఉడుకు సంక్రమిస్తుంది. వంశం ఇచ్చిన పదవికి ఎదురు లేదు. కాని దిఉడు మనస్సు పియొటి మీదికి మరలినప్పుడు భార్య పుయు బిడ్డను తీసుకొని ఇల్లు విడిచిపోతుంది. ఆమె ఏ సభనూ పిలువలేదు, ఏ తీర్పునూ కోరలేదు. అయినను పల్లెకు పెద్దయైనవాడు ఇంటికి పెద్ద కాలేకపోయినాడని పాఠకునికి తెలిసిపోతుంది. గోల్డింగు దీవిలో అధికారాన్ని పరీక్షించుటకు ఈటె కావలసివచ్చినది. మహంతికి ఒక గుమ్మం చాలినది.

ఈ భేదం రచనాశిల్పానికి మాత్రమే సంబంధించినది కాదు. శ్రీహరికోట 1969లో రాకెట్టు కేంద్రానికై ఎంపికయినది. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది. ఈ మార్పులో యానాది కుటుంబాలు తమ చోట్లు విడువవలసివచ్చినది. కూలిపోవుటకు అక్కడ సింహాసనం లేదు, పట్టుబడుటకు రాజు లేడు. కనుక కల్పిత ద్వీపాలు చదివి అలవాటుపడిన కంటికి ఏ రాజ్యమూ పోయినట్లు కనిపించదు. చెదరినది ఒక గూడెం నుండి మరొక గూడేనికి నడిచిపోగల దూరం, అలిగిన మనిషిని పిలిచి కూర్చుండబెట్టగల చుట్టరికం. తెగ జీవితాన్ని వ్రాయబూనిన నవలలో దొర ఎవరని అడుగుటకు ముందు, అలిగి వెళ్ళినవారిని తిరిగి పిలుచుకొనివచ్చేది ఎవరని విమర్శకుడు అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానం లేని గ్రంథంలో దీవి ఉండవచ్చును, సంఘం ఉండదు.