మిల్డ్రెడ్‌ను అడిగిందెవరు?

పోయిన వారం ఒక పుస్తక పరిచయ సభలో వక్త ఒకాయన, సాయంత్రమైతే టీవీ ముందు కూర్చునే ఆడవాళ్లందరినీ ‘మన ఇంటి మిల్డ్రెడ్‌లు’ అని తీసిపారేశాడు. సభంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’లో, పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగం చేసే మాంటాగ్ భార్య ఈ మిల్డ్రెడ్. చూసి నవ్వుకోవలసిన మనిషి కాదు.

ఇంటికొచ్చి మళ్లీ చదివాను. హాల్లో మూడు గోడలకు మూడు తెరలు. వాటిలోని మనుషులే ఆమె ‘కుటుంబం’. నాలుగో గోడకూ తెర పెట్టించమని మొగుణ్ని పోరుతుంది. ఖరీదు రెండు వేల డాలర్లు, అతని ఏడాది జీతంలో మూడో వంతు. చెవుల్లో ఎప్పుడూ గవ్వల్లాంటి బుల్లి రేడియోలు. ఏళ్ల తరబడి అవి పెట్టుకునే ఉండటంతో, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చేసింది. ఒక రాత్రి సీసాలోని ముప్పై నిద్రమాత్రలూ మింగేస్తుంది. డాక్టరు కూడా రాడు. మిషన్లతో వచ్చిన ఇద్దరు పనివాళ్లు పొట్ట కడిగి, రక్తం మార్చి, మరో ఇంటికి పోతారు. ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో ఉంటాయట. తెల్లారి ఆమెకేమీ గుర్తుండదు. ఆకలేస్తోందంటుంది.

తన పాత్రను రచయిత అసహ్యించుకోకూడదన్నది ఈ కాలమ్‌లో నేనెప్పుడూ పాడే పాటే. ఈసారి అది బ్రాడ్‌బరీ మీదే పాడదామని కూర్చున్నాను. ఇంతలో మా పిన్ని గుర్తొచ్చింది.

వారపత్రిక వచ్చిన రోజు పిన్ని పొయ్యి మీద పప్పు మాడేది. యద్దనపూడి సీరియలంటే ప్రాణం. ఆ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి అట్ట వేసేది. ఆ పుస్తకంలో కథ మధ్యలో ఎవరిదో సగం వ్యాసం, ఒక తలనూనె ప్రకటన కూడా ఉండేవి. బాబాయిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పిల్లల్లేరు. మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. ‘నవలలు చదివి చెడిపోతోంది’ అని తాతయ్య విసుక్కునేవాడు.

పిన్నికి కాగితం, మిల్డ్రెడ్‌కు గోడ, రెండూ ఒకటే అని రాద్దామనుకున్నాను. కలం సాగలేదు. పిన్నికి భాగానికీ భాగానికీ మధ్య ఆరు రోజులుండేవి. ఆ ఆరు రోజులూ పంపు దగ్గర పక్కింటి అక్కతో హీరో గురించి పోట్లాడేది. తరువాయి భాగం తనే అల్లేసేది. రచయిత్రి మరోలా రాస్తే కోప్పడేది.

మిల్డ్రెడ్‌కు పోస్టులో నాటకం వస్తుంది, ఒక్క పాత్ర మాటలు తీసేసి. ఆ పాత్ర ఆమెదే. సమయం రాగానే మూడు గోడల్లోని మనుషులూ ఆమె వైపు తిరిగి, నీ అభిప్రాయమేమిటని అడుగుతారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె పొందే సంబరం చూడండి! ఆ ఇంట్లో ఆమె అభిప్రాయం అడిగింది గోడలే. జవాబు కూడా ముందే రాసి పంపిందీ అవే. ఇది చూసి రాసినవాడికి ఆమె మీద అసహ్యం ఉందని ఎలా అనను? ఆ వక్త ఎగతాళి వెనక గోడ గురించి భయమేదైనా ఉంటే, అదీ నిజమే. నవ్వు మాత్రం తప్పు.

బ్రాడ్‌బరీ తర్వాత ఈ నవలను నాటకంగా మలిచినప్పుడు, మాంటాగ్ కళ్లు తెరిపించిన క్లారిస్‌ను బతికించుకున్నాడు. అలాగే మిల్డ్రెడ్ వైపు నుంచి, ఆమె సొంత మాటల్లో, ఆ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.