వస్తువర్ణనలో విశేషణం: జర్మన్ తొలి పాఠాలు, తెలుగు వ్యాకరణ దృష్టి

ప్రాస్తావికం:
ఉన్నత విద్య కోసమో, నర్సింగ్ ఉద్యోగం కోసమో జర్మనీ వెళ్లదలచిన తెలుగువారు జర్మన్ భాషను సాధారణంగా ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటారు. తొలి పాఠాల్లోనే బల్ల, దీపం, ఇల్లు వంటి వస్తువుల పేర్లూ, వాటిని వర్ణించే పెద్ద, చిన్న, పాత, కొత్త వంటి మాటలూ ఎదురవుతాయి. ఈ దశలో ఇంగ్లీషు మంచి వారధి అనే నమ్మకం బలంగా ఉంది. విశేషణాల విషయంలో ఆ నమ్మకం నిలవదు. జర్మన్ విశేషణ స్వభావాన్ని గ్రహించడానికి కావలసిన ఒక ముఖ్యమైన భేదం ఇంగ్లీషులో కనిపించదు. తెలుగులో అది నిత్యవ్యవహారంలో ఉంది.

1. స్థానాన్ని బట్టి రూపం:
ఇంగ్లీషులో గుణవాచకం నామానికి ముందున్నా, వాక్యం చివర ఆఖ్యాతంలో ఉన్నా సాధారణంగా ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో అలా కాదు. 'పెద్ద బల్ల' అన్నప్పుడు 'పెద్ద', 'బల్ల పెద్దది' అన్నప్పుడు 'పెద్దది'. జర్మన్‌లోనూ రెండు స్థానాలకు రెండు తీర్లు ఉన్నాయి. అయితే మార్పు జరిగే చోటు తలకిందులవుతుంది. 'డేర్ టిష్ ఇస్ట్ గ్రోస్' (బల్ల పెద్దది), 'డీ టిషె జింట్ గ్రోస్' (బల్లలు పెద్దవి) అనే వాక్యాలలో 'గ్రోస్' మారలేదు. నామానికి ముందు చేరినప్పుడు మాత్రం 'ఐన్ గ్రోసర్ టిష్' (ఒక పెద్ద బల్ల), 'ఐనె గ్రోసె లాంపె' (ఒక పెద్ద దీపం), 'ఐన్ గ్రోసెస్ హౌస్' (ఒక పెద్ద ఇల్లు) అని లింగాన్ని బట్టి మూడు రూపాలు వచ్చాయి. తెలుగులో ఈ మూడింటికీ 'పెద్ద' ఒక్కటే.

ఈ వైరుధ్యాన్ని వాక్యనిర్మాణం ద్వారా వివరించవచ్చు. 'బల్ల పెద్దది' వంటి తెలుగు వాక్యంలో క్రియ లేదు. కనుక లింగవచనపురుషలను గుణవాచకం మీద ఏర్పడిన నామమే మోస్తుంది: అతడు పెద్దవాడు, వారు పెద్దవారు, నేను పెద్దవాణ్ణి. జర్మన్‌లో వచనపురుషల భారం 'ఇస్ట్', 'జింట్' అనే క్రియారూపాల మీద ఉంది.

2. విభక్తి సూచన మొదటనా, చివరనా:
'ఆ పెద్ద బల్లను' అనే పదబంధంలో ద్వితీయావిభక్తి చివర ఒక్కసారే వినిపిస్తుంది. 'డెన్ గ్రోసెన్ టిష్' అనే జర్మన్ బంధంలో 'టిష్' మారలేదు. ముందున్న ఆర్టికలే విభక్తిని చెప్పింది. తెలుగు చివర చెప్పేదాన్ని జర్మన్ ప్రధానంగా మొదట చెబుతుంది. ఈ సూత్రం తెలిస్తే విశేషణ ప్రత్యయాల క్రమం చాలావరకు అర్థమవుతుంది. 'డేర్' పుంలింగ ప్రథమను స్పష్టం చేస్తుంది కాబట్టి విశేషణం 'గ్రోసె' అని సరిపెట్టుకుంటుంది. 'ఐన్' పుంలింగానికీ నపుంసకానికీ ఒకటే కనుక ఆ సూచన విశేషణానికి మారి 'గ్రోసర్', 'గ్రోసెస్' అవుతుంది. మూడు రకాల ఆర్టికల్ సందర్భాలు, నాలుగు విభక్తులు, మూడు లింగాలతోపాటు బహువచనం కలిపి 48 గళ్ల పట్టికను కంఠస్థం చేయించే పద్ధతి ఈ సూత్రాన్ని మరుగుపరుస్తుంది. ఆ 48 గళ్లలో ఉండే ప్రత్యయాలు అయిదే.

3. లింగ వ్యవస్థ:
జర్మన్‌లో అమ్మాయి నపుంసకమనీ, ముల్లంగి జాతి దుంప స్త్రీలింగమనీ మార్క్ ట్వేన్ 1880లో పరిహసించాడు. 'మేట్‌షెన్' (అమ్మాయి) నపుంసకం కావడానికి కారణం దాని చివరనున్న అల్పార్థక ప్రత్యయం. వ్యాకరణ లింగం వేరు, లోకలింగం వేరు అన్న సంగతి తెలుగు అభ్యాసకునికి కొత్త కాదు. 'అమ్మాయి వచ్చింది', 'బండి వచ్చింది' అన్న చోట క్రియ ఒకటే. బహువచనంలో 'అమ్మాయిలు వచ్చారు', 'బండ్లు వచ్చాయి' అని విడిపోతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తును నిర్వచిస్తూ నామాలతోపాటు వాటి విశేషణాలనూ చేర్చడం ఇక్కడ గమనార్హం. విశేష్యం లింగం విశేషణానికి సంక్రమిస్తుందన్న భావన తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోనే ఉంది.

4. అర్థపరిధి:
పదాల పట్టికల్లో ఇంగ్లీషు అర్థం మాత్రమే ఇవ్వడం వల్ల మరో చిక్కు ఏర్పడుతుంది. మనిషి విషయంలో 'గ్రోస్' అంటే సాధారణంగా పొడుగు. తెలుగులో 'పెద్దవాడు' అంటే వయసులోనో గౌరవంలోనో పెద్ద. తెలుగు 'పాత', 'ముసలి' అని విడదీసే అర్థాలు రెండింటికీ జర్మన్‌లో 'ఆల్ట్' సరిపోతుంది. 'చల్లని మనసు' తెలుగులో ప్రశంస. మనిషిని 'కాల్ట్' (చల్లని) అంటే జర్మన్‌లో ఆదరం లేనివాడని అర్థం.

5. పోలిక పరిమితులు:
తెలుగు ఆధారం అన్ని చోట్లా అక్కరకు రాదు. చెంచా (ల్యోఫెల్) పుంలింగం, ఫోర్కు (గాబెల్) స్త్రీలింగం, కత్తి (మెసర్) నపుంసకం అన్న విభజనను ఆర్టికల్‌తో కలిపి గుర్తుంచుకోవలసిందే. 'ఐన్ గ్రోస్ టిష్' అని ప్రత్యయం వదిలేయడానికి తెలుగు అలవాటు కూడా దోహదం చేయవచ్చు. అందువల్ల దాన్ని అజాగ్రత్తగా కాక, మాతృభాషా ప్రభావంగా గుర్తించి బోధకుడు ముందే హెచ్చరించాలి.

ముగింపు:
విశేషణ స్థానం, విభక్తి సూచన, లింగం అనే మూడు భావనలూ తెలుగు అభ్యాసకునికి అనుభవంలో ఉన్నవే. వాటికి పేర్లు పెట్టి చూపకపోవడమే ప్రస్తుత బోధనలోని లోపం. 'పెద్ద బల్ల', 'బల్ల పెద్దది' అనే రెండు ప్రయోగాలను జర్మన్ రూపాల పక్కన ఉంచి మొదటి పాఠం మొదలుపెడితే అపరిచిత నియమం పరిచిత భేదంగా కనిపిస్తుంది. పరీక్షలకు మాత్రమే పరిమితమనుకునే తెలుగు వ్యాకరణానికి విదేశీ భాషా బోధనలో ఇంతటి ప్రయోజనం ఉందని తెలుగు శాఖలు గుర్తించవలసి ఉంది. ఇటువంటి తులనాత్మక పాఠాల రూపకల్పన ఆ శాఖలు చేపట్టదగిన పని.