కాంచనమాల: కన్నీటి కథకు ఆవల

కాంచనమాల పేరెత్తగానే మనవాళ్లు ముందు ఆమె కళ్లను గురించీ, ఆ తరువాత ఆమె మతిచాంచల్యాన్ని గురించీ చెబుతారు. ఈ రెంటి నడుమ ఒక నటి ఉన్నదన్న సంగతి మరుగున పడుతుంది.

1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘వందేమాతరం’, ‘మళ్ళీ పెళ్ళి’. అస్పృశ్యత, వరకట్నం, వితంతు వివాహం - రెండేళ్లలో మూడు సాంఘిక సమస్యలకు తెరమీద ముఖం ఆమెదే. గూడవల్లి రామబ్రహ్మం, బి.ఎన్. రెడ్డి, వై.వి. రావులకు సంస్కరణాభిలాషులన్న కీర్తి దక్కింది. ఆమెకు మిగిలింది అందగత్తె అన్న బిరుదు!

ఆ చిత్రాలను విమర్శకు అతీతంగా నిలపనక్కరలేదు. చలం కథకు తాపీ ధర్మారావు మాటలు రాసిన ‘మాలపిల్ల’లో బ్రాహ్మణ యువకుణ్ణి ముందుగా కదిలించేది శంపాలత సౌందర్యం. మాలవాడ పిల్ల మనిషిగా గుర్తింపు పొందాలంటే సుందరి కావలసి వచ్చింది. ఈ పరిమితి నటిది కాదు, పైనుంచి దిగివచ్చిన సంస్కరణ దృష్టిది.

1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’ ఘనవిజయం సాధించింది. అయినా నాయికగా ఆమె ప్రస్థానం దాదాపు అక్కడే ఆగింది. ఒప్పందం విషయమై స్టూడియోతో తగాదా వచ్చిందని సినీ చరిత్రకారులు రాశారు. 1981లో ఆమె మద్రాసులో కన్నుమూసింది.

దీన్ని విధి అని సరిపెట్టుకోవడం తేలిక. తెరమీద స్త్రీ స్వేచ్ఛను అభినయించిన మనిషికి, తన శ్రమను ఎవరికి అమ్ముకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఏపాటి ఉన్నది? సినిమా చరిత్రను అభ్యుదయ దృష్టితో రాయబూనినవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది.