రెండు ఫ్రెంచి రేవులు

ఫ్రెంచివారి ఏలుబడిలో మిగిలిన అయిదు ఊళ్ల పేర్లు మా ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క గుక్కలో చెప్పేవారు: పుదుచ్చేరి, కారైకాలు, మాహె, యానాం, చంద్రనగరు. యానాంలో పుట్టిన నాకు మొదటి నాలుగూ తెలిసినవే. అయిదోది చూడడానికి బ్యాంకువారు నన్ను కలకత్తా బదిలీ చేయవలసి వచ్చింది. అక్కడున్న రెండున్నరేళ్లలో ఎన్ని ఆదివారాలు హౌరాలో లోకల్ ఎక్కి చందన్‌నగర్‌లో దిగానో లెక్క పెట్టుకోలేదు. గంట ప్రయాణం. కలకత్తాకు శివారు పట్టణమే అయినా, గంగ ఒడ్డుకు రాగానే అది వేరే ఊరు.

టూరిస్టు పుస్తకాలు చూడమని చెప్పేవన్నీ చూశాను. స్ట్రాండ్ అని పిలిచే నదిగట్టు, డూప్లే భవనంలోని మ్యూజియం, 1884లో తెరిచిన సేక్రెడ్ హార్ట్ చర్చి, అడుగు అంతస్తు నదికి ఆనుకుని కిందికి దిగిన పాతాళ్ బాడీ. డూప్లే 1731 నుంచి పదేళ్లు ఇక్కడ పెత్తనం చేసి ఊరిని వ్యాపారంలో పైకి తెచ్చాడు. 1757లో క్లైవు, వాట్సన్ వచ్చి ఫిరంగులతో దాన్ని దించారు. మ్యూజియం మంచిదే, కాదనను. కాని బయటికి వచ్చాక, దొరలు ఎలాంటి కుర్చీలలో కూర్చున్నారో నాకు తెలిసింది గాని, వారి చిట్టా ఆవర్జాలు రాసిన బెంగాలీ గుమాస్తా ఏ మూల కూర్చున్నాడో తెలియలేదు. ముప్పై ఏళ్లు లెడ్జర్లతో కాపురం చేసినవాణ్ణి, నా కన్ను అటే పోతుంది.

ఆ గుమాస్తా సంతతి నాకు గట్టు మీద కనిపించింది. స్ట్రాండ్ నడుమ రేవు దగ్గర స్తంభాల మంటపం ఒకటుంది. దుర్గాచరణ్ రక్షిత్ అనే వర్తకుడి జ్ఞాపకార్థం 1921లో కట్టారు. ఫ్రెంచి ప్రభుత్వం వారి లెజియన్ దొనర్ బిరుదు పొందిన మొదటి చందన్‌నగర్ బెంగాలీ ఆయన. రాతి మీద ఆయన పేరు ఫ్రెంచి వర్ణక్రమంలో ఉంది. కూడబలుక్కుని చదివితే ‘దూర్గాశొరోన్ రొకిత్’ అని వస్తుంది. మా ఊరి పాత రిజిస్టర్లలో తెలుగు పేర్లకు పట్టిన గతే. నవ్వొచ్చింది, వెంటనే దగ్గరివాడిలా కూడా అనిపించాడు. ఆ మంటపం మెట్ల మీద సాయంత్రం కుర్రాళ్లు, ముసలివాళ్లు, వేరుసెనగకాయలవాడు, అందరూ బెంగాలీలోనే వాదించుకుంటూ ఉంటారు. ఎదుటి ఒడ్డున జగద్దల్ జనపనార మిల్లుల పొగగొట్టాలు. టిక్కెట్టు లేదు.

అంతకన్నా ముఖ్యమైనది నృత్యగోపాల్ స్మృతి మందిరం. హరిహర్ సేఠ్ అనే ధనికుడు తండ్రి పేర కట్టించి ఊరికి ఇచ్చిన నాటకశాల, దానితోపాటు గ్రంథాలయం. ఆడపిల్లలకు బడి పెట్టించినదీ ఆయనే. గమనించవలసింది ఏమిటంటే, ఇదంతా ఫ్రెంచి జెండా ఎగురుతుండగానే జరిగింది. 1949లో ఊరివాళ్లు ఓటు వేసి భారతదేశంలో కలుస్తామన్నారు, 1950లో పాలన చేతికి వచ్చింది, 1954లో పశ్చిమ బెంగాల్‌లో చేరారు. భాషకు రాష్ట్రం అండ దొరకడానికి ముందే పుస్తకాల అలమరలు సిద్ధంగా ఉన్నాయన్నమాట.

అక్కడ అన్నీ చక్కగా ఉన్నాయని పొగడడం నా ఉద్దేశం కాదు. పాత రిజిస్ట్రీ భవనం చెట్లు మొలిచి ఏళ్ల తరబడి శిథిలమైంది. గ్రంథాలయంలో నాకు కనిపించినవన్నీ నెరిసిన తలలే. జగద్ధాత్రి పూజకు దీపాలంకరణ చూడడానికి ఊళ్లకు ఊళ్లు తరలివస్తాయి. వారిలో ఎందరు ఆ అలమరల దాకా వస్తారో! (జలభరా సందేశ్ అనే మిఠాయి దుకాణం ముందు మాత్రం నేనూ వరసలో నిలబడ్డాను. కొరికితే లోపలి గులాబీనీరు చొక్కా మీద పడుతుంది, జాగ్రత్త.)

ఒక ఆదివారం ఆ గ్రంథాలయంలో రిటైరయిన మాస్టారొకరు పలకరించారు. రవీంద్రులు కుర్రతనంలో ఇక్కడి మొరాన్ దొర తోటబంగళాలో ఉన్నారనీ, ఆ గంగను ‘జీవనస్మృతి’లో రాసుకున్నారనీ చెప్పి, మీ నది ఒడ్డున ఎవరున్నారని అడిగారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు చిన్నతనంలో యానాంలోనే పెరిగారని చెప్పాను. తిరుపతి వేంకట కవులలో ఒకరనీ, 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన విని, మీ ఊరికి వచ్చినవాళ్లకు ఆ ఇల్లు చూపిస్తారా అన్నారు.

మా ఇంటికి చుట్టాలు వస్తే నేను చూపించేవాటికి ఒక వరస ఉంది. వంద మీటర్లు దాటిన ఈఫిల్ టవర్ నమూనా, గౌతమి ఒడ్డున బీచి, శివలింగానికి అభిషేకం చేసే ఏనుగులు, భరతమాత, ఏసుక్రీస్తు విగ్రహాలు, 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న గుడి. కాకినాడ నుంచీ, 2002లో బాలయోగి వారధి పడ్డాక అమలాపురం వైపు నుంచీ జనం వస్తున్నారు; పిల్లలు సంతోషిస్తారు. అది చిన్న విషయం కాదు. కాని టవర్‌ది పెట్టుబడి ఖర్చు, ఒకసారి రిబ్బను కత్తిరిస్తే ఫోటో మిగులుతుంది. గ్రంథాలయానిది ఏటేటా ఖర్చు, రాబడి పద్దులో సున్న. బ్యాంకువాడిగా నేను మొదటిదానికే అప్పు మంజూరు చేస్తాను. తెలుగువాడిగా ఏం చేశానన్నది మాస్టారు అడిగిన ప్రశ్న.

చందన్‌నగర్ బెంగాలీకి కలకత్తా గంట దూరం. మా రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి భాష తమిళం. హోసూరు, బరంపురం, షోలాపూరు పాఠకులకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. మన అలమర ఎవరో వచ్చి కొనిపెట్టేది కాదు. ఆ సంగతి తెలిసీ, ముప్పై ఏళ్లుగా చుట్టాలను ఏనుగుల దగ్గరికే తీసుకువెళ్లాను.

మాస్టారికి తెలుగు రాదు. అయినా ఒక తెలుగు పుస్తకం అలమరలో ఉండనివ్వండన్నారు. చెళ్లపిళ్లవారి ‘కథలు – గాథలు’ పంపించాను. మొన్న సంక్రాంతికి యానాం వెళ్లినప్పుడు వారు ఏ వీధిలో ఉండేవారో కనుక్కుందామని బయల్దేరాను. కిళ్లీకొట్టు అబ్బాయి పక్క షాపులో అడగమన్నాడు. అక్కడ ఒక పెద్దాయన చర్చి వెనక సందులో అడగమన్నారు. ఆ సందులో అరుగు మీద కూర్చున్న ముసలమ్మగారు నన్ను పైనించి కిందికి చూసి, “ఏ ఊరు బాబూ తమరిది?” అంది.