పువ్వు గిట్టనివాడి పూలతోట

పొగాకు రైతుకు పువ్వంటే గిట్టదు. కందుకూరు, ఒంగోలు వైపు సంక్రాంతి రోజుల్లో చేలోకి వెళ్తే తెలుస్తుంది. మొక్క నెత్తిన మొగ్గ కనబడడం ఆలస్యం, చెయ్యి దానంతటదే వెళ్లి తల తుంచేస్తుంది. తల పోతే బలమంతా ఆకుకు దిగుతుంది, ఆకు మందం కడుతుంది. తల తుంచిన వారానికి ఆకు చంకల్లోంచి పిలకలు లేస్తాయి. వాటినీ తీసెయ్యాలి. పూత వదిలేసిన చేను కనబడితే మావాళ్లు ఆ రైతుని సోమరి అనే అనుకునేవారు.

అలాంటి ఇంట్లో పుట్టి ఇప్పుడు కెనడాలో, అంటారియోలోని కిచెనర్ ఊళ్లో, మా పెరట్లో నాలుగు మొక్కల్ని పూత కోసమే పెంచుతున్నాను. ఆకు ఇక్కడ చెత్త, పువ్వే పంట. మొక్కలు గంజాయివి.

కంగారు పడకండి, దొంగతనంగా ఏమీ కాదు. 2018 అక్టోబరు 17 నుంచి ఈ దేశంలో గంజాయి చట్టబద్ధం. ఇంటికి నాలుగు మొక్కలు వేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరున్నా ఆరుగురున్నా లెక్క నాలుగే. అంటారియోలో పంతొమ్మిదేళ్లు నిండి ఉండాలి, విత్తనం అనుమతి ఉన్నచోటే కొనాలి. పండింది ఒక్క గ్రాము కూడా అమ్మకూడదు. ఈడొచ్చిన స్నేహితుడికి ముప్ఫై గ్రాముల దాకా ఉత్తినే ఇవ్వచ్చు. పక్కనున్న క్యూబెక్‌లో మాత్రం ఇంట్లో ఒక్క మొక్క కూడా వేయకూడదు. ఆ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అంటే నా పెరడు కొన్ని గంటల దూరం తూర్పుకి జరిగితే నేను చట్టం తప్పినవాణ్నే.

ఈ వ్యవహారంలోకి నన్ను దింపింది పక్కింటి పెద్దాయన. ఆయన కుర్రతనమంతా ఇక్కడికి దక్షిణంగా నార్‌ఫోక్ కౌంటీలో, ఢిల్లీ అనే ఊరి చుట్టుపక్కల పొగాకు తోటల్లో గడిచింది. అవును, ఆ ఊరి పేరు ఢిల్లీయే, వాళ్లు మాత్రం ‘డెల్‌హై’ అంటారు. ఇసక నేలలు, బెల్జియం నుంచి, హంగరీ నుంచి వచ్చిన రైతులు, పొగాకు ఆరబెట్టే కొట్టాన్ని మనం బ్యారన్ అంటే వాళ్లు కిల్న్ అంటారు. అంతకుమించి తేడా లేదు. అడుగు ఆకు నుంచి మొదలెట్టి పైకి రెలవడం, కర్రలకు అల్లడం, రాత్రంతా మంట దగ్గర కాపలా, జిగురుతో నల్లబడ్డ చేతులు. మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి రాత్రి భోజనాల వేళ దాకా పొగాకు గురించే చెప్పుకున్నాం. మరుసటి ఏడు ఆయన తన నాలుగు మొక్కల నారు చూపించి, నువ్వూ వెయ్యి, నీ చేతికి కొత్తేం కాదు అన్నాడు.

సగం నిజం. ఆ సగం ఏదో తేలడానికే నాకు ఒక పంటకాలం పట్టింది.

ఇక్కడ మే నెల చివర్లో విక్టోరియా డే సెలవు దాటితేగానీ ఎవరూ ఏ నారూ బయట పెట్టరు. అప్పటిదాకా మంచు భయం. జూన్‌లో మొక్క చూస్తుండగానే ఎదుగుతుంది. ఎదిగే దశలో దాని ఆకలంతా నత్రజని మీదే. అయిదారు కణుపులు రాగానే తల తుంచాలి. తుంచడం నాకు వచ్చిన పనే, హాయిగా తుంచాను. చిక్కంతా తర్వాత వచ్చింది. తల పోయిన చోట కింది కణుపుల్లోంచి రెండేసి పిలకలు లేచాయి. పొగాకులో పిలక కనబడితే బొటనవేలు ఆగదు. ఇక్కడ ఆ పిలకల కోసమే తల తుంచింది. అవే రేపు కొమ్మలు, కొమ్మకొక పూగుత్తి. నా చెయ్యి మొక్క దాకా వెళ్లడం, దాన్ని నేను వెనక్కి లాక్కోవడం, ఆ నెలంతా ఇదే. పెద్దాయన పిలకల్ని మెల్లగా పక్కలకి వంచి మెత్తటి తాడుతో కుండీ అంచుకి కట్టమన్నాడు. నడిమధ్యకు ఎండ దిగితే అన్ని కొమ్మలూ ఒకే ఎత్తున లేస్తాయి.

మా మొక్కల పక్కనే గోంగూర మడి. దూరం నుంచి చూస్తే రెండింటి ఆకూ ఒకటేలా ఉంటుంది. వేళ్లు విప్పిన అరచేయిలా, అంచున రంపపు పళ్లతో. అటువైపు పొరుగింటావిడ రెండేళ్లుగా గోంగూరనే గంజాయి అనుకుని మా ఇంటివంక అదోలా చూసేదట. అసలుది పక్కనే వచ్చాక ఆవిడకి అనుమానం తీరింది.

ఆకు పోలిక అటుంచితే, గోంగూరకీ దీనికీ ఇంకో బంధం ఉంది. రెండూ రాత్రి పొడుగు చూసి పూసేవే. ఈ సంగతి మనుషులకు స్పష్టంగా తేలింది కూడా పొగాకు వల్లే. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకంతో తల పట్టుకున్నారు. వేసవిలో పొలంలో ఎంత ఎత్తు పెరిగినా పూయదు. శీతకాలం అద్దాల ఇంట్లో పెడితే పూస్తుంది. ఎరువు మార్చారు, వేడి మార్చారు, ఏదీ కారణం కాదని తేలింది. చివరికి వేసవిలో రోజూ కొన్ని గంటలు మొక్కల్ని చీకటి గదిలోకి జరిపి చూస్తే పూసింది. పగలు తగ్గడమే దానికి సైగ. 1920లో ఆ సంగతి అచ్చయింది. పూత తుంచెయ్యడమే పనిగా ఉన్న పంట, పువ్వు ఎప్పుడు పూస్తుందో లోకానికి చెప్పిందన్నమాట.

కిచెనర్‌లో జూన్ ఇరవై ఒకటిన పగలు పదిహేను గంటలు దాటుతుంది. ఒంగోల్లో ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటల దగ్గరే. అందుకే ఇక్కడ వేసవి అంతా మొక్క ఎదగడమే తప్ప పూత మాట ఎత్తదు. ఆగస్టులో పగలు బాగా తగ్గితే కణుపుల దగ్గర కదలిక వస్తుంది. గోంగూర ఇంకా మొండిది. అది పూతకొచ్చేసరికి మంచు పడిపోతుంది, గింజ పట్టదు. ఏటా ఎవరో ఒకరు ఇండియా నుంచి గింజలు తేవాల్సిందే. ఇంటి లోపల టెంట్లలో పెంచేవాళ్లు ఈ రుతువుల్ని స్విచ్చుతో నడుపుతారు. పద్దెనిమిది గంటల వెలుగు ఉంటే ఎదుగుదల, పన్నెండుకు తగ్గిస్తే పూత. ఆ చీకటి పన్నెండు గంటల్లో దీపం వెలిగితే మొక్క తికమక పడుతుంది, ఒక్కోసారి ఆడ మొక్కే మగ పువ్వు వేస్తుంది. మా మొక్కల్లో వీధి దీపానికి దగ్గరున్నది మిగతా మూడింటికంటే ఆలస్యంగా పూతకొచ్చింది. రాత్రిళ్లు దానికి గోనెపట్టా అడ్డం కట్టాను. ముందే పూతకొచ్చే రకాలూ ఉన్నాయి. రష్యా కలుపు గంజాయి రక్తం కలిసినవి. వాటికి రాత్రితో పనిలేదు, వయసు రాగానే పూసేస్తాయి. తేలికే, కానీ నాకు సరదా తక్కువ.

ఆగస్టులో అసలు పని చూపుది. గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కణుపు దగ్గర చిన్న గుండ్రటి తిత్తులు వేలాడితే మగది, తెల్లటి వెంట్రుకలు రెండు బయటికి వస్తే ఆడది. మగదాన్ని ఆ రోజే పీకాలి. దాని పుప్పొడి తగిలితే ఆడ పువ్వు గింజలు కట్టే పనిలో పడుతుంది, మత్తు ఉండే జిగురు పని తగ్గిస్తుంది. ఇప్పుడు ఆడ విత్తనాలే అమ్ముతున్నారు కాబట్టి బెడద తగ్గింది. అయినా మేమిద్దరం భూతద్దం పట్టుకుని కణుపు కణుపూ చూస్తాం. ఈ చూపు కాలిఫోర్నియా కుర్రాళ్లు కనిపెట్టారని ఇక్కడ చాలామంది నమ్మకం. కానీ బెంగాల్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని నవ్‌గావ్ చుట్టూ ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి సాగు చేసిన రోజుల్లో దీనికంటూ ఒక వృత్తివాడు ఉండేవాడు. పోద్దార్ అనేవారు, దొరలు గంజాయి డాక్టర్ అని రాసుకున్నారు. చేలో నడుస్తూ మగ మొక్కల్ని గుర్తుపట్టి విరిచేస్తూ పోవడమే ఆయన పని. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భారత గంజాయి మందుల విచారణ సంఘం నివేదికలో ఆయన ప్రస్తావన ఉంది. ఆ సంఘం దేశమంతా తిరిగి, సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్దగా చేటు లేదు, పూర్తి నిషేధం అక్కర్లేదు అని తేల్చింది.

ఆ తర్వాత మన దేశం వేరే దారి పట్టింది. 1985 మాదకద్రవ్యాల చట్టం కూడా ఆకుని వదిలి పువ్వునే పట్టుకుంది. పూత, కాయ ఉన్న కొస గంజాయి, పూత లేని విడి ఆకు కాదు. ఉత్తరాదిలో భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ సందులోంచే. మొక్క పెంచితే మాత్రం పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. పాడేరు కొండల్లో చేలు నరికి తగలబెట్టిన ఫొటోలు పేపర్లో చూస్తుంటాను. నరకొద్దని నేననను. చట్టం అదైనప్పుడు నరకాల్సిందే, పైగా ఆ సరుకు చేరుతున్నది కాలేజీ పిల్లలకు. నా అభ్యంతరం ఒకటే. జైళ్లలో కనబడేది ఎక్కువగా మూట మోసిన గిరిజన కుర్రాడు, పెట్టుబడి పెట్టినవాడు మైదానంలో ఎక్కడో ఇంట్లో ఉంటాడు. అదే మొక్కకు నేను గోనెపట్టా కట్టి రాత్రి కాపాడుకుంటున్నాను. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకు సుఖంగా ఉండదు. ఇక్కడా 2018 దాకా దీనికోసం జైలుకెళ్లినవాళ్లున్నారు. ఆ తర్వాత కొందరు రాజకీయ నాయకులు, మాజీ పోలీసులు గంజాయి కంపెనీల బోర్డుల్లో కూర్చున్నారు.

సెప్టెంబరంతా వాతావరణంతో పోటీ. పువ్వు గట్టిపడేకొద్దీ లోపల చెమ్మ చిక్కుకుంటుంది. రెండు రోజులు ముసురు పడితే చాలు, లోపల్నుంచి బూడిదరంగు కుళ్లు. పైకి పచ్చగా ఉన్న గుత్తిలో ఒక్క ఆకు ఎండి, లాగితే ఊడి వస్తే అనుమానించాలి. వర్షం వెలిశాక కొమ్మలు దులపడం దగ్గర్నుంచి నా రోజు మొదలయ్యేది. కింది ఆకులు పసుపు తిరిగితే పెద్దాయనా నేనూ ముఖాలు చూసుకుని నవ్వుకునేవాళ్లం. పొగాకులో అయితే అది రెలుపుకు వచ్చిన గుర్తు! ఇక్కడ ఆకు రంగు పట్టించుకోనక్కర్లేదు. పువ్వు మీది జిగురు బొట్లు చూడాలి. గుండుసూది తల కూడా పెద్దదే వాటి ముందు. భూతద్దంలో మొదట నీళ్లలా ఉంటాయి, తర్వాత పాలలా మారతాయి, ఆపైన తేనె రంగు. పాలరంగు నిండి, తేనె రంగు అక్కడక్కడ కనబడ్డప్పుడు కోశాం. వారంలో మంచు పడింది.

నా చేతికి తెలిసిన విద్య పూర్తిగా అడ్డం తిరిగింది ఆ తర్వాతే. బ్యారన్‌లో పొగాకును అయిదారు రోజుల్లో తేల్చేస్తాం. ముందు చెమ్మ నిలిపి పసుపెక్కించి, తర్వాత వేడి పెంచుకుంటూ పోయి, ఈనె పెళుసెక్కేదాకా డెబ్బై డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు తీసుకెళ్తాం. ఆరబెట్టడమంటే నాకు వేడి. గంజాయి పువ్వుకి వేడి తగిలితే వాసన ఆవిరైపోతుంది. చల్లటి చీకటి గదిలో కొమ్మలు తలకిందులుగా వేలాడదీసి, గాలి ఆడనిచ్చి, దాదాపు రెండు వారాలు వదిలెయ్యాలి. పుల్ల వంచితే టప్పుమని విరిగిందా, అప్పుడు దింపాలి. ఇది మాత్రం పొగాకు ఈనె పరీక్షే. తర్వాత ఆకు కత్తిరించి గాజు జాడీల్లో పెట్టి, మొదట్లో రోజూ కాసేపు మూత తీయాలి. మూడు నాలుగు వారాలకు పచ్చిగడ్డి వాసన పోయి, నిమ్మ తొక్కో, మిరియాలో అనిపించే వాసన నిలుస్తుంది. పచ్చి పువ్వు తింటే మత్తు రాదు. మత్తు పదార్థం మొక్కలో ఆమ్లం రూపంలో ఉండి, వేడి తగిలాకే అసలు రూపానికి వస్తుంది. ఆ పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోనీ విడదీసి చూపించారు.

మా ఆవిడ అభ్యంతరం చట్టం గురించి కాదు, వాసన గురించి. ఆ రెండు వారాలు బేస్‌మెంట్లోకి రాలేదు. మనవలు వచ్చే ఇల్లు కాబట్టి జాడీలకు తాళం వేశాం. నేను వాడేది బహు తక్కువ, ఆదివారం ఎప్పుడైనా పెద్దాయనతో. మిగతాది ఆయనకే.

మా తమ్ముడు ఇంకా పొగాకే వేస్తున్నాడు. ఫోన్లో ఇదంతా విని, ఎకరాకు ఎంత పడుతుందన్నయ్యా అన్నాడు. ఎకరా లేదురా, నాలుగు కుండీలు, అమ్మకూడదు అన్నాను. వేలం లేదా అన్నాడు. లేదన్నాను. గ్రేడ్ చూసేవాడు, కొనం అని నో బిడ్ కొట్టేవాడు ఎవరూ లేరా అన్నాడు. లేరన్నాను. కాసేపు ఆగి, అమ్ముకోడానికి లేని పంటకి అంత రాత్రి కాపలా ఎందుకన్నయ్యా అని, తన పొగాకు బేళ్లు రెండుసార్లు వేలం ప్లాట్‌ఫాం నుంచి వెనక్కొచ్చిన సంగతి మొదలెట్టాడు. ఆ సంగతి మా ఇద్దరికీ బాగా తెలిసిందే కాబట్టి చాలాసేపు అదే మాట్లాడుకున్నాం.